ఆయమ్మ ఉద్యోగం నుంచి పైకి దారి ఉందా?

ప్రశ్న: నా వయసు 26. ఇంటర్ బైపీసీలో 58 శాతం వచ్చింది. డిగ్రీ మొదటి ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయింది. మాది ఖమ్మం జిల్లా. మా వారు ఆటో నడుపుతారు. నాలుగేళ్ల పాప ఉంది. రెండేళ్లుగా దగ్గర్లోని మానసిక దివ్యాంగుల స్కూల్లో ఆయాగా చేస్తున్నాను. జీతం 8,500. పిల్లలకు అన్నం తినిపించడం, బాత్రూముకు తీసుకెళ్లడం, బట్టలు మార్చడం, ఫిట్స్ వస్తే చూసుకోవడం అన్నీ నేనే. పిల్లలతో పని నాకు ఇష్టమే. కానీ మా అత్తగారు "ఇంటర్ చదివి ఎవరి పిల్లలకో కడిగే పనేంటి" అంటారు. ఎప్పటికీ ఆయాగానే ఉండిపోతానేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 వేలు కడితే ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేయించి స్పెషల్ ఎడ్యుకేటర్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఈ నెలాఖరులోపు కడితే పదివేలు తగ్గిస్తారట. మెల్‌బోర్న్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురేమో అక్కడ ఇదే పనికి గంటల లెక్కన మంచి డబ్బులు ఇస్తారంటోంది. నేనేం చదవాలి? ఈ లైనులో ఎదుగుదల ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ 45 వేల సంగతి తేల్చేద్దాం అమ్మా, ఎందుకంటే నెలాఖరు దగ్గరపడుతోంది. కట్టకండి. పదివేలు కాదు, ముప్పైవేలు తగ్గించినా కట్టకండి.

కారణం చెబుతాను. మన దేశంలో స్పెషల్ ఎడ్యుకేటర్ అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. అందరూ ఆర్‌సీఐ అనేది దాన్నే. 1992లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఏర్పడిన సంస్థ. కోర్సు పాసయ్యాక వాళ్లు ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు, సీఆర్ఆర్ నంబరు అంటారు. మీ స్కూల్లో టీచర్లను అడగండి, చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. ఆ నంబరు లేకుండా రిహాబిలిటేషన్ ప్రొఫెషనల్‌గా పనిచేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలోనే ఉంది. ఈ సెక్షన్ కింద ఎంతమందిని పట్టుకుంటున్నారన్నది వేరే సంగతి. మీకు కావాల్సింది మాత్రం ఒక్కటే: ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో కూర్చున్నప్పుడు అడిగేది ఆ నంబరే. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు ఎంత పెద్ద హోలోగ్రామ్ అంటించినా దాంతో ఆ నంబరు రాదు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి. "ఈ కోర్సు పూర్తయ్యాక నాకు సీఆర్ఆర్ నంబరు వస్తుందా? వస్తుందని రసీదు మీద రాసిస్తారా?" అని. "మాది ఐఎస్ఓ సర్టిఫైడ్ అమ్మా", "మాకు ఇంటర్నేషనల్ గుర్తింపు ఉంది", "ప్రైవేటు స్కూళ్లు తీసుకుంటాయి" అంటూ మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది. అందులో కాలేజీ పేరు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మీరు చేరబోయే కోర్సు పేరు, ఏ విద్యాసంవత్సరం వరకు అనుమతి ఉందో కూడా చూడాలి. ఒక కోర్సుకు గుర్తింపు తెచ్చుకుని, దాని బోర్డు చూపించి గుర్తింపు లేని నాలుగు కోర్సులు నడిపేవాళ్లూ ఉంటారు.

ఇక ఎదుగుదల ఉందా అన్న ప్రశ్న. ఆయా ఉద్యోగానికి ఆయా ఉద్యోగంగా ఎదుగుదల లేదు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. పదేళ్లు చేసినా ఆయమ్మే, జీతం ఏడాదికో రెండేళ్లకో ఐదొందలు పెరుగుతుంది. సీనియర్ ఆయా, హెడ్ ఆయా అనే మెట్లు మన దగ్గర ఎవరూ కట్టలేదు. మెట్లన్నీ ఆ పక్క గదిలో, అంటే టీచర్లు, థెరపిస్టులు ఉన్న వైపు ఉన్నాయి. అటు వెళ్లాలంటే మధ్యలో ఉన్న తలుపు ఆర్‌సీఐ కోర్సు. మీకు ఇంటర్ ఉంది కాబట్టి అది తెరుచుకుంటుంది. పదో తరగతితో ఆగిపోయిన తోటి ఆయమ్మలకు లేని వీలు ఇది.

ఆ వైపు వెళ్లాక మీ రెండేళ్ల పని వృథా కాదు. ఎలాగో చూడండి. ఎనిమిదేళ్ల పిల్లాడికి నిక్కరు వేసుకోవడం నేర్పాలి. కొత్తగా వచ్చిన ట్రైనీ టీచరు నిక్కరు చేతికిచ్చి "వేసుకో నాన్నా" అంటుంది. వాడు దాన్ని నెత్తిన పెట్టుకుంటాడు, లేదా విసిరేస్తాడు. అనుభవం ఉన్న టీచరైతే తానే రెండు కాళ్లూ దూర్చి, మోకాళ్లు దాటించి, పిరుదుల దాకా లాగి, చివరి జానెడు మాత్రం వాడికి వదిలేస్తుంది. వాడి రెండు బొటనవేళ్లూ ఎలాస్టిక్‌లో పెట్టి "లాగు" అంటుంది. వాడు లాగుతాడు, పని పూర్తవుతుంది, "శెభాష్" వినిపిస్తుంది. వాడి లెక్కలో నిక్కరు తనే వేసుకున్నాడు. ఆ చివరి మెట్టు నిలకడగా వచ్చాక మోకాళ్ల దగ్గర నుంచి వాడికి వదులుతుంది. అలా వెనక నుంచి ముందుకు ఒక్కో మెట్టూ వాడికి అప్పజెబుతూ వెళితే కొన్ని నెలలకు మొత్తం పని వాడిదవుతుంది. దీన్ని పుస్తకాల్లో బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. పనిని మెట్లుగా విడగొట్టడాన్ని టాస్క్ అనాలిసిస్ అంటారు. డిప్లొమాలో ఇదొక పాఠం. రోజూ అంతమంది పిల్లలకు బట్టలు మార్చే మీకు ఏ పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగుతాడో ఇప్పటికే తెలుసు. పుస్తకం చదివి వచ్చినవాళ్లకు ఆ మెట్టు కనిపించడానికే ఆరు నెలలు పడుతుంది.

అదే చోట ఆయమ్మల పనిలో ఒక ఇబ్బంది కూడా ఉంది. పిల్లలు ఎక్కువ, టైము తక్కువ కాబట్టి గబగబా మనమే వేసేస్తాం, మనమే తినిపించేస్తాం. పని త్వరగా అవుతుంది, పిల్లాడు మాత్రం పదహారేళ్లొచ్చినా చేతులు చాపి నిలబడే ఉంటాడు. ఈ రంగంలో ట్రైనింగ్ అంటే సగం ఇదే, మన చేతుల్ని ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. మీ అత్తగారికి చెప్పండి, మీరు చదవబోయేది పిల్లలకు కడిగే చదువు కాదు, వాళ్లంతట వాళ్లు కడుక్కునేలా నేర్పే చదువు. ఆవిడ ఒప్పుకుంటారని కాదు, మీకైనా కాస్త ఊరటగా ఉంటుంది.

నేను చదవమనేది డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్. రెండేళ్ల డిప్లొమా. ఇంటర్‌లో ఏ గ్రూపైనా 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. మీకు 58 ఉంది కాబట్టి బెంగ లేదు. ఇందులో వైకల్యాన్ని బట్టి విభాగాలు ఉంటాయి: వినికిడి లోపానికి ఒకటి, చూపు లోపానికి ఒకటి, మేధో వైకల్యానికి ఒకటి, ఇలా. మీరు రెండేళ్లుగా చూస్తున్నది మేధో వైకల్యం ఉన్న పిల్లల్నే కాబట్టి మీది ఐడీడీ, అంటే మేధో, ఎదుగుదల వైకల్యాల విభాగం. "వినికిడి లోపం విభాగంలో సీటు ఖాళీగా ఉంది, చేరిపోండి" అని కాలేజీవాళ్లు చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. సైగల భాష, శ్రవణ యంత్రాలు, మాట నేర్పడం అంతా వేరే ప్రపంచం. అది తక్కువదని కాదు, మీ చేతిలో ఉన్న అనుభవం అక్కడ అంతగా అక్కరకు రాదు.

ఈ డిప్లొమాకు పదేళ్ల క్రితం ఇంత గట్టిగా సిఫారసు చేసేదాన్ని కాదు. అప్పట్లో పాసైనవాళ్లకు ఎన్జీఓ స్కూళ్లు, లేదంటే మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు ఉద్యోగాలు. భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీలుగా, అంటే ఈ పిల్లలకు చెప్పే రిసోర్స్ పర్సన్లుగా చేసేవాళ్లు మీకు తెలిసే ఉంటారు. వారంలో కొన్ని రోజులు కేంద్రంలో, మంచం దిగలేని పిల్లలుంటే వాళ్ల ఇళ్లకు వెళ్లి చెబుతారు. రెగ్యులర్ పోస్టు అన్నది మాటల్లో తప్ప నోటిఫికేషన్‌లో కనిపించేది కాదు. రెండు సంగతులు దీన్ని మార్చాయి. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, మామూలు బడుల్లో చదివే ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని, వాళ్ల కోసం రెగ్యులర్ పోస్టులు సృష్టించాలని చెప్పింది. ఆ తర్వాత 2024లో తెలంగాణ డీఎస్సీ ఇచ్చిన 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు పెట్టారు. ఆ ఎస్జీటీ పోస్టుకు మీరు చదవబోయే డిప్లొమా, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్, టెట్ ఉంటే చాలు.

దీన్ని చూసి కలల్లో తేలిపోవద్దు. మళ్లీ ఆ స్థాయిలో పోస్టులు ఎప్పుడు పడతాయన్నది ప్రభుత్వం చేతిలో ఉంది. ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్న ఐఈఆర్‌పీలూ మీతోపాటే పరీక్ష రాస్తారు. డిప్లొమా చేతికొచ్చిన మొదటి రెండు మూడేళ్లు మీరు చేసేది బహుశా ఎన్జీఓ స్కూల్లో స్పెషల్ టీచరు ఉద్యోగమో, ప్రైవేటు స్కూల్లో షాడో టీచరు (తరగతిలో ఒక్క పిల్లాడి పక్కనే ఉండి సాయపడే టీచరు) ఉద్యోగమో. అక్కడ జీతాలు గొప్పగా ఉంటాయని నేను చెప్పను. ఇప్పటి ఆయా జీతం కంటే కచ్చితంగా మెరుగు, డీఎస్సీ జీతంతో పోలిస్తే చాలా దూరం. ఆ మధ్యకాలాన్ని తట్టుకునే ఏర్పాటు ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

రెండేళ్లు జీతం లేకుండా ఎలా అన్నది మీరు ఉత్తరంలో అడగలేదు, కానీ అసలు అడ్డంకి అదే అనుకుంటున్నాను. ఇది రోజూ వెళ్లాల్సిన కోర్సు. ఆయా ఉద్యోగం చేస్తూ కుదరదు. మొదట మీ స్కూల్ నడిపేవాళ్లతో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వం నుంచి డీడీఆర్ఎస్ గ్రాంటు తీసుకునే స్కూళ్లకు ఆర్‌సీఐ అర్హత ఉన్న సిబ్బంది కావాలి. జిల్లాల్లో అలాంటివాళ్లు దొరకడం వాళ్లకు పెద్ద తలనొప్పి, హైదరాబాద్ నుంచి వచ్చిన టీచరు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోతుంది. "నేను ఇక్కడి మనిషిని, చదువు పూర్తయ్యాక కనీసం రెండేళ్లు ఇక్కడే చేస్తాను, ఫీజులో సాయం చేయండి" అని మీరు అడిగితే అది దానం అడగడం కాదు, బేరం. వేసవి సెలవుల్లో, ప్రాక్టికల్స్‌లో అదే స్కూల్లో పనిచేసే వీలు కూడా మాట్లాడుకోవచ్చు. కానీ డబ్బు ఇచ్చి ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంటే కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు అడ్మిషన్ల ముందే తీసి పెట్టుకోండి. ఆటో మీద వచ్చే ఆదాయానికి మీ సేవలో ఆదాయ సర్టిఫికెట్ రావడానికి పెద్దగా ఇబ్బంది ఉండదు.

కోర్సుల గురించి సరిగ్గా తెలుసుకోవడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్‌కు ఒకసారి వెళ్లి రండి. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ అది, 1984 నుంచి ఉంది. పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు, ఆటోవాళ్లకు కూడా ఆ పేరు చెబితేనే తొందరగా అర్థమవుతుంది. పిల్లాడి స్థాయిని అంచనా వేయడానికి మీ స్కూల్లో టీచర్లు నింపే ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు అక్కడ తయారైందే. ఆ ఆవరణలోనే వినికిడి, మాట సమస్యల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. బస్సు చార్జీలు దండగనుకోకండి. ఫోన్లో పది రోజులు తిరిగినా తెలియని సంగతులు అక్కడ నోటీసు బోర్డు ముందు నిలబడితే పావుగంటలో తెలుస్తాయి.

రెండేళ్లు ఎంత లెక్కవేసినా కుదరదంటారా, ఏడాదిలో అయ్యేవి ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో పని ఇష్టమైతే ఎర్లీ చైల్డ్‌హుడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఏడాది. పెద్ద పిల్లలకు కొవ్వొత్తులు, పేపర్ కవర్లు, స్క్రీన్ ప్రింటింగ్ లాంటి పనులు నేర్పి నాలుగు డబ్బులు సంపాదించేలా చేయడం ఇష్టమైతే వొకేషనల్ రిహాబిలిటేషన్ డిప్లొమా, అదీ ఏడాదే. ఈ రెండోదాన్ని జనం తక్కువగా చూస్తారు, నాకు మాత్రం దాని మీద గౌరవం ఎక్కువ. పద్దెనిమిదేళ్లు దాటాక స్కూలు నుంచి బయటికొచ్చే పిల్లలు ఏం చేయాలన్న ప్రశ్నకు మన జిల్లాల్లో జవాబు చెప్పగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఆరు నెలల్లో అయ్యే నికార్సైన కోర్సు ఒకటుంది, దాని పేరు సీబీఐడీ. ఊళ్లలో, బస్తీల్లో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలతో కలిసి దివ్యాంగుల కుటుంబాలకు సాయపడేవాళ్లను తయారుచేయడం దీని ఉద్దేశం. ఆర్‌సీఐ, మెల్‌బోర్న్ యూనివర్సిటీ కలిసి రూపొందించాయి, 2021 మేలో మొదలైంది. పాసైనవాళ్లను దివ్యాంగ్ మిత్ర అంటారు. మంచి కోర్సే, కానీ దాన్ని చూపించి టీచరు పోస్టు అడగలేరు. ఆశా కార్యకర్తల్లా ప్రతి ఊరికీ ఒక దివ్యాంగ్ మిత్ర అన్న నియామకాలు మన దగ్గర ఇంకా లేవు. ఎన్జీఓ ప్రాజెక్టుల్లో పనికొస్తుంది. కేర్ గివింగ్ సర్టిఫికెట్ కోర్సు కూడా ఆర్‌సీఐ జాబితాలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల సహయోగి పథకం కింద కేర్ అసోసియేట్ల, అంటే దివ్యాంగుల్ని చూసుకునే సహాయకుల శిక్షణ ఉంది. మీ తోటి ఆయమ్మల్లో ఇంటర్ లేనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఈ చివరి రెండూ చెప్పండి. మీరు వాటి దగ్గర ఆగాల్సిన పనిలేదు.

బైపీసీ చదివారు కాబట్టి స్పీచ్ థెరపీ దారి కూడా కాగితం మీద మీకు తెరిచే ఉంది. బీఏఎస్ఎల్‌పీ అనే నాలుగేళ్ల డిగ్రీ. ఈ రంగంలో సంపాదన అక్కడే ఎక్కువ. నాలుగేళ్ల పాపతో, ఒక్క ఆటో ఆదాయం మీద నాలుగేళ్ల చదువు అంటే నాకే ధైర్యం చాలడం లేదు. మీ వారు, పుట్టింటివాళ్లు గట్టిగా వెనక నిలబడితే తప్ప అటు చూడకండి.

డిప్లొమా అయ్యాక ఆగిపోయిన డిగ్రీని ఓపెన్ యూనివర్సిటీలో పూర్తిచేయండి, ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు. డిగ్రీ, దానిపై బి.ఎడ్. స్పెషల్ ఉంటే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు అర్హత వస్తుంది. ఎన్జీఓ స్కూళ్లలో ప్రిన్సిపల్ అయ్యేదీ ఆ మెట్టు మీద నుంచే.

ఇక హైదరాబాద్‌లోని హోమ్ కేర్ ఏజెన్సీలు. మీ అనుభవం చెబితే రేపే రమ్మంటారు, నెలకు మీ ఇప్పటి జీతానికి రెట్టింపు చెబుతారు. ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగండి. ఎన్ని గంటల డ్యూటీ, వారానికి సెలవుందా, కుటుంబం కట్టే డబ్బులో ఏజెన్సీ ఎంత కోస్తుంది. చాలా చోట్ల ఇరవైనాలుగు గంటలూ ఆ ఇంట్లోనే ఉండాలి. పాపను వదిలి అలా ఉండటం మీ వల్ల కాదనే అనుకుంటున్నాను. పైగా ఆ ఇళ్లలో ఎక్కువమంది పెద్దవయసు పేషెంట్లు. అది కూడా గౌరవమైన పనే, మీ దారి మాత్రం అది కాదు.

మీ అక్క చెప్పింది అబద్ధం కాదు. ఆస్ట్రేలియాలో ఎన్‌డీఐఎస్ అని ఒక పథకం 2013లో మొదలైంది. దివ్యాంగుడికి ఏ సాయం ఎంత కావాలో లెక్కగట్టి, అందుకయ్యే డబ్బు ప్రభుత్వం అతని పేరు మీదే కేటాయిస్తుంది. అతను, లేదా అతని తరఫువాళ్లు ఆ డబ్బుతో సపోర్ట్ వర్కర్‌ను పెట్టుకుంటారు, నచ్చకపోతే మార్చుకుంటారు. కనీస వేతనం గంటల లెక్కన చట్టప్రకారం ఖరారై ఉంటుంది, ఆదివారం, రాత్రి డ్యూటీలకు ఎక్కువ. మన దగ్గర ఆ ఖర్చు తల్లిదండ్రుల జేబులోంచో, దాతల విరాళంలోంచో రావాలి. పని ఒకటే, వెనకాల ఉన్న ఖజానా వేరు. అక్కడ మంచి డబ్బులు, ఇక్కడ 8,500 కావడానికి కారణం ఇంతే. మీ పనికి విలువ లేక కాదు.

అక్కడా ఊరికే తీసుకోరు. సర్టిఫికెట్ త్రీ ఇన్ ఇండివిడ్యువల్ సపోర్ట్ అనే కోర్సు చాలామంది చేస్తారు, అందులో 120 గంటలు నిజమైన చోట పనిచేసి చూపించాలి. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, ఎన్‌డీఐఎస్ వర్కర్ స్క్రీనింగ్ క్లియరెన్స్, కారు నడపడం, అన్నిటికీ మించి ఇంగ్లిష్ కావాలి. పూటపూటా ఏం జరిగిందో షిఫ్ట్ నోట్స్ ఇంగ్లిష్‌లో రాయాలి, ఏదైనా దెబ్బ తగిలితే ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి. అక్కడ ఈ పని చేస్తున్న మనవాళ్లలో ఎక్కువమంది స్టూడెంట్ వీసా మీదో, భర్త లేదా భార్య వీసా మీదో వెళ్లి, అక్కడికి వెళ్లాక ఇందులోకి దిగినవాళ్లు. స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు మించి పనిచేయకూడదు కూడా. మీ అక్క ఏ వీసా మీద వెళ్లిందో, ఆ కోర్సు ఎక్కడ చేసిందో అడిగి చూడండి. "దివ్యాంగుల సేవకు నేరుగా వీసా ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి" అని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించేయండి. విదేశాలే కావాలనుకుంటే తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, వాళ్ల ప్రకటనలు చూస్తూ ఉండండి. అందులో కేర్ గివర్ ఉద్యోగాలు ఎక్కువగా ముసలివాళ్లను చూసుకునేవే. నాలుగేళ్ల పాప తల్లి అలాంటి ఉద్యోగానికి ఒంటరిగా వెళ్లడం గురించి నా అభిప్రాయం మీరు ఊహించగలరు.

అడ్మిషన్లు వచ్చేలోపు ఖాళీగా ఉండొద్దు, ఇప్పుడున్న చోటే నేర్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ స్కూల్లో సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పే వైకల్యం) ఉన్న పిల్లలుంటే వాళ్లకు తినిపించేటప్పుడు మీరెక్కడ ఉంటున్నారో గమనించండి. నిలబడి పై నుంచి తినిపిస్తే పిల్లాడు తల వెనక్కి వాల్చి నోరు తెరుస్తాడు, అప్పుడే ముద్ద ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదం. వాడి ఎదురుగా, వాడి కళ్ల ఎత్తులో కూర్చోండి. వీపు నిటారుగా, గడ్డం కొంచెం కిందికి ఉండాలి. మింగాడని చూసుకున్నాకే రెండో ముద్ద. తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు. మాటిమాటికీ జలుబు, జ్వరం, "ఛాతీలో నెమ్ము" అని వచ్చే పిల్లల్లో కొందరికి అసలు కారణం ఈ తినిపించే పద్ధతే. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇంకా చాలా చోట్ల చూస్తున్నాను. రెండూ వద్దు. పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టండి, చుట్టూ గుచ్చుకునేవి తీసేయండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. తగ్గాక తేదీ, టైము, ఎంతసేపు వచ్చింది, ఏ చేయి ముందు కొట్టుకుంది అన్నది నోటుబుక్కులో రాయండి. డాక్టరు మందు మోతాదు మార్చేది ఇలాంటి నోటుబుక్కు చూసే.

పెద్ద పిల్లల్ని ఒంటరిగా ఎత్తకండి. నలభై కిలోల పిల్లను రోజుకు నాలుగుసార్లు ఎత్తిన నడుము ముప్పై ఐదేళ్లకే మొరాయిస్తుంది, ఈ లైను వదిలేసినవాళ్లలో చాలామంది చెప్పే కారణం జీతం కాదు, నడుమే. ఇద్దరు కలిసి, మోకాళ్లు వంచి, పిల్లను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపాలి. ఫిజియోథెరపిస్టు వచ్చిన రోజున అడిగితే పది నిమిషాల్లో చేసి చూపిస్తారు. ఎదిగిన ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకోవడం నేర్పడం టీచర్లు కూడా ఆయమ్మల మీదే వదిలేస్తుంటారు. అదే పనిని నిక్కరు నేర్పినట్టు మెట్లుగా విడగొట్టి ఒక్క అమ్మాయికి నేర్పి చూడండి, తలుపు మూసి, ఇంకెవరూ లేకుండా. ఆ అమ్మాయి తల్లి మీకు జీవితాంతం రుణపడి ఉంటుంది. రేపు మీ డిప్లొమా ప్రాక్టికల్ రికార్డుకు కూడా అదే మంచి కేసు.

చివరగా కాగితాల సంగతి. ఈ వారమే మీ ప్రిన్సిపల్ గారి దగ్గర అనుభవ ధ్రువీకరణ పత్రం తీసుకోండి. "ఆయాగా పనిచేశారు" అని ఒక్క ముక్క రాయించుకోవద్దు. ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ రకం వైకల్యం ఉన్న పిల్లలతో, రోజువారీ పనులు నేర్పడంలో టీచరుకు సహాయకురాలిగా ఏమేం చేశారు అన్నది లెటర్‌హెడ్ మీద, సంతకం, స్టాంపుతో ఉండాలి. ఇంటర్ మెమో, టీసీ, ఆధార్‌లలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూడండి, పెళ్లయ్యాక ఆధార్‌లో మార్చుకున్నవాళ్లకు అడ్మిషన్ రోజున అక్కడే బండి ఆగిపోతుంది. డి.ఎడ్. స్పెషల్ అడ్మిషన్ల నోటిఫికేషన్ ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే పడుతుంది. వారానికోసారి మీ వారి ఫోన్లో అయినా తెరిచి చూడండి, ఏజెంటు చెబుతాడని కూర్చోవద్దు. ఆ ఇన్‌స్టిట్యూట్‌కు అడ్వాన్సు ఏమైనా ఇచ్చేసి ఉంటే రసీదు తీసుకుని వెళ్లి వెనక్కి అడగండి. ఇవ్వకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి లాయరు కూడా అక్కర్లేదు.